బాపు మాటల తర్వాత వచ్చే పాటలు

మా చిన్నతనంలో బాపు గొంతు క్యాసెట్‌లో వచ్చేది...

నేను బాపు అని పిలిచే మా నాన్న దుబాయ్‌లో బిల్డింగుల పనికి పోయాడు. కోరుట్ల పక్కన మా ఊళ్లో అవ్వ అని పిలిచే మా అమ్మ, బాపు వాళ్ల అమ్మ బాపమ్మ, నేను... ముగ్గురమే. ఫోన్లు ఇంకా మా ఊరి దాకా రాలేదు. సెలవు మీద ఇంటికొచ్చే వాళ్ల చేతికి బాపు తన మాటలు రికార్డు చేసిన క్యాసెట్ ఇచ్చి పంపేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా మా వాడకట్టు లచ్చన్న కాక అట్లాంటిదొకటి తెచ్చిచ్చాడు. అవ్వ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, చేతులకంటిన తంబాకు కొంగుకు తుడుచుకుని టేప్‌రికార్డర్ బటన్ నొక్కింది.

బాపు అందరినీ పేరుపేరునా పలకరించాడు. బాపమ్మ మోకాళ్లు ఎట్లున్నాయని, బావిలో నీళ్లున్నాయా అని, నేను బడికి సరిగ్గా పోతున్నానా అని... కాసేపటికి "ఇగ ఉంట మరి" అన్నాడు. టక్‌మని ఒక చప్పుడు. ఆ వెంటనే ఏదో పాట మధ్యలోంచి డ్రమ్ములు, గిటార్లు, ఇంగ్లీషులో గొంతు చించుకుని పాడుతున్న ఒక మనిషి...

బాపమ్మ బెదిరిపోయింది. "వాళ్లెవలే? పోరడు ఏడికి పోయిండు?" అంది.

అవ్వ గబుక్కున ఆపేసింది. ఆ తర్వాత క్యాసెట్ ఎన్నిసార్లు పెట్టినా "ఇగ ఉంట మరి" దగ్గరే ఆగిపోయేది.

నేను మాత్రం ఆపేదాన్ని కాదు... సాయంత్రం అవ్వ బీడీలు అప్పజెప్పడానికి కంపెనీకి పోయేది. బాపమ్మ పక్కింటి అరుగు మీద ముచ్చట్లలో పడేది. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. వాల్యూమ్ తగ్గించి, స్పీకర్‌కు చెవి ఆనించి కూర్చునేదాన్ని.

అట్లాంటి పాటలు అంతకుముందు ఎక్కడా వినలేదు. ఒక పాట గిటార్లతో ఇల్లు అదిరేట్టు మొదలై, మధ్యలో పెళ్లి బ్యాండు క్లారినెట్ లాంటిది దూరి, చివరికి జోలపాటలా అయిపోయేది. ఇంకోదాంట్లో అసలు పాడటమే లేదు... ఒకాయన వార్తలు చదివినట్టు మాట్లాడుతుంటే వెనకాల కుట్టుమిషన్ నడుస్తున్న చప్పుడు. ఒకదాంట్లో అచ్చం మన డప్పు దరువే. మరోదాంట్లో ఎవరో "ఎల్లవ్వా... ఎల్లవ్వా" అని పిలుస్తున్నట్టుండేది. ఇంగ్లీషులో ఏమన్నాడో నాకిప్పటికీ తెలియదు.

దుబాయ్ అంటే ఆ చప్పుళ్లే అనుకున్నాను. గిటార్ల పాట పొద్దున బస్సులో పనికి పోయేటప్పటిది... కుట్టుమిషన్ పాట బాపు పని చేసే చోటిది... అన్నిటికంటే చివర వచ్చే నెమ్మది పాట, బాపు రూముకొచ్చి చాప మీద నడుం వాల్చేటప్పటిది. బాపుకు పొద్దుగూకిందని ఆ పాటతోనే లెక్క నాకు.

ఒకసారి నా దోస్తు స్వరూపను పిలిచి వినిపించాను. ఒక్క పాట కూడా పూర్తి కాకముందే నవ్వి, "గివేం పాటలే, పిచ్చిలేసినట్టు" అని ఆడుకోవడానికి పోయింది. ఇంకెవరినీ పిలవలేదు.

మరుసటి ఎండాకాలం బాపు వచ్చాడు. ఇంటి నిండా చుట్టాలు, అత్తరు వాసన, పూల దుప్పట్లు. నాకేమో ఆయన ముందుకు పోవాలంటే సిగ్గు. క్యాసెట్‌లో అన్ని మాటలు చెప్పిన మనిషికి ఎదురుగా కూర్చుంటే మాటలే లేవు. నన్ను చూసి నవ్వేవాడు, మళ్లీ ఎటో చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బాపు మంచానికి నవారు బిగిస్తున్నాడు. క్యాసెట్ పెట్టి, ఆయన మాటలు దాటించి, పాటలు రానిచ్చాను. నవారు లాగుతున్న చేయి ఆగింది.

ఎవరు బాపూ వీళ్లు అని అడిగాను. అది రూములో తన పక్క మంచం మీద ఉండే ఫిలిప్పీన్స్ దోస్తు క్యాసెట్ అని చెప్పాడు. ఆ రోజు ఖాళీ క్యాసెట్ దొరకకపోతే, దీని మీదనే మాట్లాడమని అతనే ఇచ్చాడట. బాపు దాని పైన కాగితం అంటించి అవ్వ పేరు రాశాడు కాబట్టి ఆ పాటల వాళ్ల పేరు దాని కిందే ఉండిపోయింది. బాపుకూ గుర్తులేదు.

"ఇదంత విన్నవా బిడ్డా?"

"రోజూ విన్న."

బాపు నవారు వైపే చూస్తూ మెల్లగా చెప్పాడు.

"క్యాసెట్ల మస్తు జాగుండె. ఇంక మాట్లాడాలనే కూసున్న... ఏం మాట్లాడాల్నో తెలవలే. గొంతు రాలే. బంద్ చేసిన."

బాపు వచ్చి నా పక్కన కింద కూర్చున్నాడు. క్యాసెట్ ఆ వైపు మొత్తం విన్నాం, చివరి నెమ్మది పాట దాకా. ఆ పాటలను ఇంకొకరితో కలిసి చివరిదాకా వినడం అదే మొదలు... అదే ఆఖరు.

ఎందుకంటే తిరిగి పోయే రోజు సంచి సర్దుకుంటూ, "గది నేను తీస్కపోనా?" అని అడిగాడు. దోస్తు వేరే దేశం పోయాడట, రూములో ఇప్పుడేం చప్పుడు లేదట. ఇచ్చేశాను. ఆ తర్వాత చాలా సాయంత్రాలు ఖాళీ టేప్‌రికార్డర్ ముందు ఊరికే కూర్చున్నాను.

ఇంకెన్నో ఏళ్లకు బాపు దుబాయ్ వదిలి ఇంటికొచ్చేశాడు. సంచులన్నీ వెతికాను, క్యాసెట్ లేదు. అడిగితే, "వినీ వినీ తెగింది బిడ్డా" అన్నాడు. తన మాటలు వచ్చే చోట ముందుకు తిప్పుకునేవాడినని చెప్పి నవ్వాడు.

ఇప్పుడు కరీంనగర్‌లో మా ఇంట్లో నలుగురం... నాలుగు ఫోన్లు, నలుగురి చెవుల్లో నాలుగు రకాల పాటలు. పిల్లలు ఏం వింటున్నారో నాకు తెలియదు, నేనేం వింటున్నానో వాళ్లు అడగరు.

ఎవరికీ నచ్చకపోయినా మీరొక్కరే కూర్చుని విన్న పాటలు మీకూ ఉండే ఉంటాయి... అప్పుడు మీ పక్కన ఎవరైనా వచ్చి కూర్చున్నారా?