గేటు దాకా వచ్చిన చెప్పులు

కరోనా రోజుల్లో ఎల్బీనగర్‌లో జనన మరణాల రికార్డులుండే ఆఫీసు గేటు సగమే తెరిచేవారు. లోపలికి ఒక్కొక్కరినే పంపేవారు. బయట సున్నంతో గీసిన గళ్లలో మనుషులకు బదులు చెప్పులు నిలబడేవి. లైను కదిలినప్పుడల్లా వెనకవాళ్లు వాటిని కాలితో ఒక గడి ముందుకు జరిపేవారు.

మా అమ్మాయి బర్త్ సర్టిఫికెట్ కోసం తిరుగుతున్న నాకు రోజూ ఒకావిడ కనిపించేది. నల్లగొండ వైపు మనిషి. భర్త డెత్ సర్టిఫికెట్ కోసం వచ్చేది. నీలం హవాయి చెప్పులు గడిలో విడిచి, కాలే రోడ్డు మీద ఉత్త కాళ్లతో మెట్రో పిల్లర్ దాకా వెళ్లేది, వచ్చేది, మళ్లీ వెళ్లేది. చూస్తుంటే నాకే కాళ్లు మండేవి. తీరా చెప్పులు గేటు దగ్గరికి వచ్చేసరికి మనిషి ఉండేది కాదు.

ఒకరోజు చిరాకొచ్చి అడిగేశాను. "వంతు వచ్చే టైముకే ఎక్కడికి పోతారమ్మా?"

ఆమె నడుస్తూనే చెప్పింది. "దవాఖానల మొఖం సుత సూపియ్యలే బిడ్డా. ఎవల్ని కాలవెట్టిన్రో ఏమో. గిప్పుడు నేనే పోయి సంతకం వెట్టి గా కాయితం తెచ్చుకుంటే, సచ్చిపోయిండని నేనే ఒప్పుకున్నట్టు గాదా?"

"మరి రోజూ ఎందుకొస్తున్నారు?"

"రాకుంటే ఇంట్ల ఊకోరు."

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పులు గేటు ముందుకొచ్చాయి. "గీ చెప్పులు ఎవలియి?" అన్నాడు వాచ్‌మన్.

ఒకరి వస్తువు ఒకరు ముట్టుకోని రోజులవి. వాటిని చేత్తో పట్టుకెళ్లి లైను చివర, ఖాళీ గడిలో పెట్టి వచ్చాను.