బ్యాకప్‌గా ఒక టిష్యూ ప్యాకెట్

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది, మంచి వస్తువును చూపిస్తే మనుషులు దాన్ని వాడతారని. కాలేజీలో అలాగే చెప్పారు, నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ నమ్మకంతోనే కాకినాడ నుంచి ఈ పరాయి దేశానికి వచ్చి, బూన్ లే అనే పేటలో ఓడల విడిభాగాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో చేరాను. సరిగ్గా అప్పుడే ఆఫీసులో ఎవరి సీటు వారిదన్న పద్ధతి తీసేశారు. ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు, కాకపోతే ముందుగా ఫోన్‌లోని యాప్‌లో సీటు బుక్ చేసుకోవాలి. అందరిచేతా ఆ యాప్ వాడించడం నా పని. "హెడ్డాఫీసు నుంచి బాస్ వచ్చేనాటికి అందరూ వాడుతూ ఉండాలి. నీ ఉద్యోగం ఖాయం చేసేది అది చూశాకే," అంది మా మేనేజరమ్మ. ఖాయం కాకపోతే ఇక్కడ పని చేయనిచ్చే పాస్ రద్దవుతుంది. పాస్ లేకపోతే విమానం ఎక్కాలి. (అమ్మ అప్పటికే వీధి వీధంతా స్వీట్లు పంచేసింది.)

పోస్టర్లు అంటించాను. కరీపఫ్‌లు తెప్పించి శిక్షణ పెట్టాను. అందరూ వచ్చారు, పఫ్‌లు తిన్నారు, "వెరీ గుడ్ లా" అన్నారు ('లా' ఇక్కడివాళ్ల ఊతపదం), వెళ్లి తమ పాత కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టుకున్నారు. ఈ ఊళ్లో హోటల్లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనది. దాన్ని చోప్ చేయడం అంటారు. ఆ ప్యాకెట్‌ను ఎవరూ కదపరు. (వచ్చిన కొత్తలో, హోటల్ వాళ్లు ఊరికే ఇస్తున్నారనుకుని, ఒక ప్యాకెట్ విప్పి మొహం తుడుచుకున్నాను. నూడుల్స్ గిన్నెతో తిరిగొచ్చిన ఆంటీ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.) అందువల్ల నేనొక్కడినే యాప్‌లో బుద్ధిగా బుక్ చేసుకున్న సీటులో రోజూ ఎవరిదో ప్యాకెట్ కూర్చుని ఉండేది. దానికి ఫోన్ చూపించినా లేచేది కాదు. నేను వెళ్లి ప్యాంట్రీలో కెటిల్ పక్కన కూర్చుని పని చేసుకునేవాణ్ని.

ఈ ఉద్యమానికి నాయకుడు టిష్యూ అంకుల్. మలేషియాలో పుట్టిన తెలుగువాడు, మా స్టోర్స్ చూసేవాడు. "మకాన్‌కి, తిండికి పోతే ఫోను నాతోనే వస్తది తంబీ. కుర్చీని ఎవరు కాస్తారు? నీ యాప్ వచ్చి కూచుంటదా?" అనేవాడు. నేను వెళ్లి ఇంకో పోస్టర్ అంటించేవాణ్ని.

బాస్ వచ్చే ముందు రోజు, ప్యాంట్రీలో ఉప్మా డబ్బా తెరిచి తినకుండా కూర్చున్నాను. టీ కోసం వచ్చిన అంకుల్, "ఏం తంబీ, ఉప్మాతో కొట్లాటా?" అన్నాడు. సంగతంతా చెప్పాను.

"ఐయో! ముందే చెప్పకూడదా? మేము యాప్ వద్దంటిమి. నిన్ను వద్దంటిమా?"

మర్నాడు పొద్దున్నే ఆయన అందరి దగ్గరికీ వెళ్లి, పక్కన నిలబడి బుకింగ్ చేయించాడు. మిగిలిపోయిన సీట్లు చూసి మనసొప్పక అవన్నీ తన పేరు మీద బుక్ చేశాడు. బుక్ అయిన సీట్లను ఎర్రగా చూపించే గోడ మీది తెరలో ఆఫీసు మొత్తం ఎర్రబడింది. సంతోషంతో నాకు కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. అప్పుడే బాస్ వచ్చాడు. తెర చూసి మెచ్చుకున్నాడు. కూర్చుందామని తన ఫోన్ తీశాడు. ఒక్క సీటూ లేదు. ఎదురుగా ఖాళీ కుర్చీ కనిపించి దాని వైపు నడిచాడు, టిష్యూ ప్యాకెట్ చూసి టక్కున ఆగాడు. ఆయనా ఈ ఊరివాడే కదా.

"అందరూ యాప్‌లో బుక్ చేశారు. మరి ఈ టిష్యూ ఎందుకు?"

మేనేజరమ్మ నా వైపు చూసింది. నోట్లోంచి ఒకటే మాట వచ్చింది.

"బ్యాకప్, సార్."

బాస్ తలూపాడు. "గుడ్. బ్యాకప్ ఉండాలి లా," అన్నాడు. అంకుల్ ముందుకొచ్చి, "మీకోసమే చోప్ చేసినా, బాస్," అని ప్యాకెట్ తీసి కుర్చీ జరిపాడు. ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఖాయమైంది. మరుసటి రోజు నుంచి యాప్‌ను మళ్లీ ఎవరూ తెరవలేదు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. అంకుల్ పోయిన నెలలో పోయాడు. హౌగాంగ్‌లో వాళ్ల ఫ్లాట్ల బ్లాకు కింద, చూడ్డానికి వచ్చినవాళ్ల కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య నేను నిలబడి ఉంటే, వాళ్లావిడ ఆయన డెస్కులో మిగిలిన టిష్యూ ప్యాకెట్లు ఒక సంచిలో వేసి నా చేతికిచ్చింది. "ఇంకెవరికి ఇవ్వను బాబూ?" అంది.

నిన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఇంకో కొత్త యాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అంకుల్, వెరీ ఈజీ, జస్ట్ ట్రై లా." నాకు ఇలాంటివి అక్కర్లేదని చెప్పబోయాను. పిల్ల కళ్లలో అంత నమ్మకం చూసి, "ఉద్యోగం ఖాయమైందా అమ్మా?" అని అడిగాను.

"నాట్ యెట్, అంకుల్."

వెంటనే ఫోన్ తీసి బుక్ చేశాను. ఆ పిల్ల అటు వెళ్లగానే, సంచిలోంచి ఒక ప్యాకెట్ తీసి కుర్చీ మీద పెట్టి, మకాన్‌కి వెళ్లాను.