అక్కయమ్మ తిట్లు కంప్యూటరెక్కిన వైనం

చింతామణిలో బొరుగుల బట్టీ అక్కయమ్మ గొంతెత్తితే బాగేపల్లిలో కునుకు తీస్తున్న కోళ్ళు లేచి కూసేవి. నమ్మనివాళ్ళు నమ్మకపోనీ. చిక్కబళ్లాపురం బస్సు డ్రైవరొకడు ఆ గొంతు విని, ఎదురుగా లారీ వస్తోందనుకుని బండిని పొలంలోకి దించేశాడు. ఆ బస్సులో ఉన్నామని చెప్పుకునేవాళ్ళు మూడు బస్సులకు సరిపోతారు.

బట్టీ దగ్గర ఆమె పని బియ్యం వేయించడం, పెళ్ళిళ్ళలో మనుషులను వేయించడం. ఆ వైపు పెళ్ళిళ్ళలో భోజనాల బంతి కూర్చోగానే ఆడపెళ్ళివాళ్ళు మగపెళ్ళివాళ్ళను పాటలో ఉతికి ఆరేయాలి. వాళ్ళూ పాటతోనే బదులివ్వాలి. ఇవ్వలేకపోతే ఓడినట్టు, కోపం తెచ్చుకుంటే ఇంకా చెడ్డగా ఓడినట్టు. అక్కయమ్మను పిలిపించుకున్నవాళ్ళు ఎన్నడూ ఓడలేదు. మొగుడు రామచంద్రప్ప టేప్‌రికార్డర్ చంకనేసుకుని వెంట తిరిగి, ఆ తిట్లన్నీ క్యాసెట్లకెక్కించి, తాను మాత్రం పైకి వెళ్ళిపోయాడు.

2006 నాటికి క్యాసెట్లకు బూజు పట్టసాగింది. అక్క కొడుకు గిరీశ్ ఇంట్లో కంప్యూటరుంది. టేప్‌రికార్డర్ నుంచి దానికొక వైరు తగిలించి, దూదితో హెడ్డు తుడిచి, పాట సాగినంతసేపూ కూర్చోవాలి. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. అక్కయమ్మ కరెంటాఫీసును కూడా రాగం తీసి తిట్టేది.

"చిన్నమ్మా, ఈ పాటలో ఎవరో ఇకిలిస్తాండారు. సద్దు ఎక్కువుండాది, తీసేస్తా" అన్నాడు గిరీశ్ ఒకరోజు.

"తీసినావంటే నీ చెయ్యి ఇరుస్తా. ఆ నవ్వు మీయమ్మదిరా!"

గిరీశ్ చెయ్యి మౌస్ మీదే ఉండిపోయింది. తల్లి అంజనమ్మ అతను పాలు మానకముందే పోయింది. చెల్లెలికి వంత పాడుతూ, నవ్వాపుకోలేక వంత తప్పిన ఆ గొంతు మిగిలింది ఆ ఒక్క పాటలోనే. అతను దాన్ని మళ్ళీ పెట్టాడు. సౌండు పెంచి మళ్ళీ పెట్టాడు.

గుర్రమెక్కి వచ్చెనట కొత్త పెండ్లికొడుకు
గొర్రె అరిస్తే అమ్మ కొంగులో దూరె!

వీధి వీధంతా విన్నది. ఆ పెండ్లికొడుకూ విన్నాడు. ఇప్పుడాయన ఊరి తెలుగు సంఘానికి అధ్యక్షుడు శ్రీనివాసమూర్తి. ఆ సాయంత్రమే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అక్కయమ్మా, నీ పాటలు సీడీ చేసి సంఘం సభలో వేయిస్తా. మైకు, మర్యాద అన్నీ నావే. ఈ ఒక్కటి మాత్రం తీసేయించు. రేపో మాపో నా కొడుక్కి పెండ్లి."

"తీయను."

"అయితే సభలో ఒక్కటీ వేయనీను."

"వేయొద్దప్పా. మా యక్క నవ్వు కోసుకొని నీ మర్యాద కట్టుకుంటే నాకేమి వచ్చేది? అంత నొప్పిగా ఉంటే ఆ పొద్దే బదులు పాడాల్సింది. మీ పక్కోళ్ళు పప్పన్నం మీద నుంచి తలెత్తినారా?"

"ఇప్పుడు పాడితే?"

"పాడించు. నాకేమి భయమా? పాడినారంటే మీదీ ఎక్కిస్తా, నాదీ ఉంటాది."

మర్నాడు ఆయన భార్య అంబుజమ్మను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె పుట్టిల్లు బాగేపల్లి. అక్కయమ్మ ఆనాడు పాడింది ఆమె తరఫునే. కానీ మెట్టినాక ఆడది మొగుడి పక్షం కదా, బదులు పాడాల్సింది ఆమే అని అధ్యక్షులవారి లెక్క. గిరీశ్ మైకు తగిలించాడు. అంబుజమ్మ కొంగు బిగించి, అక్కయమ్మ వైపు కొరకొరా చూసింది. శ్రీనివాసమూర్తి మీసం సవరించుకున్నాడు.

సంఘానికి పెద్దంట, సభలోన పులంట
చారులో ఉప్పడగ నోరే రాదంట!

అక్కయమ్మ నవ్వుకు బట్టీలో బొరుగులు పొయ్యి లేకుండానే పేలాయని వీధివాళ్ళ సాక్ష్యం. అధ్యక్షులవారి మీసం మాత్రం సవరించిన చోటే నిలిచిపోయింది.

"ఏమే, నువ్వు ఎవరి పక్కే?" అని అరిచాడు.

"పాడమంటివి, పాడితిని. ఎవరి మీదనో చెప్పినావా?" అంది అంబుజమ్మ.

"తీసేయిరా గిరీశా, ఆపు!"

గిరీశ్ అప్పటికే సేవ్ కొట్టేశాడు. కొట్టి, కుర్చీ తిప్పి కంప్యూటరుకు అడ్డంగా కూర్చున్నాడు. అక్కయమ్మ వచ్చి అతని ముందు నిలబడింది.

"ఇప్పుడు రెండుండాయప్పా. మా యక్క నవ్విందొకటి, నీ పెండ్లాము పాడిందొకటి. ఏది తీయల్ల?"

శ్రీనివాసమూర్తి ఆమెను చూశాడు, భార్యను చూశాడు.

"రెండూ ఉండనీ గిరీశా," అంది అంబుజమ్మ మైకు దగ్గరకు లాక్కుంటూ. "కొడుకు పెండ్లిలో అవే వేయిస్తా. అక్కా, పక్కకొచ్చి కూర్చో, వంత పట్టు. నాకింకా శానా ఉండాది."