డాక్టరుకు చెప్పని ఉపవాసం

ఈస్టరుకు ముందు నలభై రోజులు ఉపవాసముండే శ్రమల దినాల్లో రెండో ఆదివారం అది. మిర్యాలగూడలో మా చర్చిలో పాట ఎత్తుకున్నాను. రెండో చరణం దగ్గర గొంతు జీరబోయి గాలి మాత్రమే బయటికి వచ్చింది. పదిహేనేళ్లుగా అక్కడ పాట మొదలుపెట్టేది నేనే. ముందు వరుసలో ఆడవాళ్లు నా వైపు చూసి తామే అందుకున్నారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

జలుబు లేదు, జ్వరం లేదు. పొద్దున లేవగానే బొంగురు. గొంతులో ఏదో ఉండ అడ్డం పడ్డట్టు ఉండేది. మింగితే దిగదు, ఎంత కాండ్రించినా రాదు. చర్చిలో తలా ఒక వైద్యం చెప్పారు. మిరియాలు, శొంఠి, నిమ్మరసం కలిపి కషాయం కాచుకొని రోజుకు మూడుసార్లు తాగాను. ఉపవాసంలో టీ తాగొచ్చు కదా, కషాయం ఎందుకు తాగకూడదు అనుకున్నాను.

నా లోపలి భయం వేరే. మా నాయన గొంతు క్యాన్సర్‌తో పోయాడు. ఆయనకూ బొంగురుతోనే మొదలైంది. ఈ మాట మా ఆయనతో కూడా అనలేదు. ముద్ద మింగిన ప్రతిసారీ అది ఎక్కడ ఆగుతుందోనని చూసుకునేదాన్ని.

మా ఆయన సూర్యాపేటలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. ముక్కులోంచి సన్నటి పైపు దించి లారింగోస్కోపీ చేశారు.

"గడ్డలేం లేవమ్మా. వోకల్ కార్డ్స్ ఎర్రగ వాచినయ్. కడుపుల యాసిడ్ గొంతు దాక వస్తున్నది. ఎల్‌పీఆర్ అంటరు."

"నాకు గుండెల మంటనే లేదు సార్."

"శానమందికి ఉండది. గొంతు మీదనే పడతది. టైముకు తింటున్నవా?"

"తింటున్న సార్."

పచ్చి అబద్ధం. ఉపవాసం పదిమందికి చెప్పుకుంటే ఫలం దక్కదని మా అమ్మ నేర్పింది. పక్కనున్న మా ఆయనా నోరు మెదపలేదు, ఆయనా ఉపవాసమే. టిఫిన్‌కు అరగంట ముందు వేసుకోమన్న గోళీ వేసుకున్నాను, టిఫిన్ మాత్రం లేదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక ఆకలికి ఆగలేక ఆవకాయ కలుపుకొని కడుపు పట్టనంత తిని, అప్పుడే నడుం వాల్చేదాన్ని. మూడు వారాలకు మాట కూడా రాకుండా పోయింది. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు చర్చిలో మూలకు కూర్చొని ఏడ్చాను. గడ్డ ఉండే ఉంటుంది, డాక్టరుకు కనపడలేదంతే అని నమ్మేశాను.

రెండోసారి డాక్టర్ దగ్గరికి, కోదాడ నుంచి వచ్చి నాలుగు రోజులుగా మా ఇంట్లోనే ఉన్న మా అక్క వెంట వచ్చింది. మందులు పనిచేయట్లేదు, ఎండోస్కోపీ చేద్దామన్నారు డాక్టర్. అక్క ఊరుకోలేదు.

"పొద్దస్తమానం ఏం తినదండీ, పొద్దుగూకినాక కుండెడు తింటది. మిరియాల కషాయం అయితే చెంబులకి చెంబులు తాగుద్ది. అడగండి దీన్ని!"

డాక్టర్ పెన్ను కింద పెట్టారు. "ఏందమ్మా ఇది? నేను గోళీలు ఇచ్చుకుంట పోతున్న, నువ్వు దాసుకుంట పోతున్నవ్. నీ అబద్ధానికి ఎండోస్కోపీ చెయ్యాల్నా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఎండోస్కోపీ ఆపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు తినాలి. తిన్నాక మూడు గంటలు పడుకోకూడదు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. టీ, కషాయం, ఆవకాయ బంద్. కాండ్రించే అలవాటు మానడమే అన్నిటికన్నా కష్టమైంది, అట్లా అనిపించినప్పుడల్లా గుక్కెడు నీళ్లు తాగాను. నెలకు ఆ ఉండ పోయింది. పాట రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఇప్పటికీ పై స్వరం అందదు. పాట ఎత్తుకునేది వేరే అమ్మాయి, నేను అందుకుంటాను. విన్నప్పుడల్లా లోపల కలుక్కుమంటుంది, దాచుకోవడం దేనికి! విందులో నాలుగు ముద్దలు ఎక్కువైతే తెల్లారికి బొంగురు. బొంగురు వస్తే మళ్లీ నాయన కళ్లముందుకు వస్తాడు.

మీకు చెప్పేది ఒక్కటే. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీకి చూపించుకోండి. ఏం తింటున్నారో, ఏం తినట్లేదో అంతా చెప్పండి. దేవుడికి చెప్పకపోయినా తెలుస్తుంది. డాక్టరుకు చెబితేనే తెలుస్తుంది.