తిరుగు అప్పగింతలు

మా అత్తగారు పోయారు. పోయిన వారం పొద్దున్నే భీమవరం నుంచి ఫోన్ వస్తే బయలుదేరి వెళ్లాను. వాకిట్లో ఒక పెద్దాయన, "మీరేమవుతారమ్మా?" అని అడిగారు. కోడలినన్నాను. పక్కనున్నావిడ ఆయన చెవిలో ఏదో ఊదింది. ఆయన నన్ను మళ్లీ ఎగాదిగా చూశారు.

చెవిలో ఊదింది నిజమే అయ్యుంటుంది. అత్తగారి కొడుకుతో నా పెళ్లి చెల్లదని కోర్టు ఎప్పుడో తేల్చేసింది. అయినా ఆవిడకి ఫోన్ చేయడం మానలేదు నేను. "ఇంకా అత్తయ్యా అంటావేంటి అమ్మాయ్?" అని విసుక్కునేవారు. ఒకసారి "అమ్మగారూ" అంటే ఠక్కున ఫోన్ పెట్టేశారు.

ఆ ఇంట్లో నేనున్నది ఏడాది లోపే. పొద్దున్నే రెండు గ్లాసుల్లో కాఫీ పోసి, "చల్లారిపోద్ది, ముందు తాగు" అనేవారు. ఆ వెంటనే కబుర్లు మొదలుపెట్టి ఆవిడే చల్లార్చేవారు.

ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చి, ఈ ఇంటబ్బాయి భార్యనని నాతో అంది. నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ మొహం పాలిపోయింది. "విడాకులైపోయాయని వాడు చెప్తే నమ్మానే. నీకు చెప్పకపోవడం నా తప్పే" అన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు. ఆ సాయంత్రమే కాకినాడలో మా అమ్మ దగ్గరికి వచ్చేశాను.

"మీ పెళ్లినాటికి మొదటి భార్య ఉంది, విడాకులూ కాలేదు. కాబట్టి మీ పెళ్లి చెల్లనే చెల్లదు. కాకపోతే ఆ మొదటి పెళ్లి సక్రమంగా జరిగిందని రుజువు కావాలి" అన్నారు లాయరు గారు. అత్తగారి కొడుకేమో, ఊరికే దండలు మార్చుకున్నామంతే, అది పెళ్లే కాదన్నాడు. ఆ పెళ్లి చూసినవాళ్లెవరూ నోరు విప్పలేదు. అది తేలకపోతే ఆ మనిషికి భార్యగానే ఉండిపోతానని నాకు నిద్ర పట్టేది కాదు.

సాక్ష్యానికి అత్తగారు వచ్చారు. ఒక్కరే, బస్సులో.

"జరిగిందండి. ఏడడుగులూ నడిచారు. ఆ పిల్ల చేతులు పాలల్లో ముంచి నా చేతుల్లో పెట్టారు. అప్పగింతలు తీసుకున్నదాన్ని, లేదని ఎలా అంటానండి?"

కొడుకు ఎదురుగానే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడలేదు. నా కోపం కూడా ఆ రోజుతోనే పోయింది.

తీర్పు వచ్చాక ఆవిడ మా ఇంటికి వచ్చి, గిన్నెలో కాసిని పాలు ఇమ్మని మా అమ్మని అడిగారు. నా చేతులు అందులో ముంచి, తీసుకెళ్లి అమ్మ చేతుల్లో పెట్టారు.

"మీ పిల్లని మీకు అప్పగిస్తున్నానండి. ఈసారి నాలాంటిదాని చేతుల్లో పెట్టకండి."

అమ్మ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. చేతులు తుడుచుకోమని అమ్మ అత్తగారికి తువ్వాలు అందిస్తే, "వద్దండి, ఆరనివ్వండి" అన్నారు. ఆటో ఎక్కి, అది సందు తిరిగేదాకా, ఖాళీ చేతులు రెండూ ఒళ్లో తెరిచి పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చున్నారు.