సువార్త టీచర్ చెప్పిన బ్రెజిల్ పాఠం

నంద్యాలలో మా కాలేజీకి వెళ్లే దారిలో ఈమధ్య ఒక కాఫీపొడి దుకాణం పెట్టారు. గింజలు అక్కడే వేయించి, అక్కడే పొడి పట్టి ఇస్తారు. మొన్న పొద్దున నేను ఆటో దిగేసరికి వీధంతా పొగ కమ్ముకుని ఉంది. వేయించే యంత్రం సమయానికి ఆగలేదట, ఒక వాయి గింజలు పూర్తిగా మాడిపోయాయి. జనం ముక్కులు మూసుకుని గబగబా దాటిపోతున్నారు. నేను మాత్రం ఆ పొగలోనే నిలబడిపోయాను. కాఫీ గింజలు కాలితే వచ్చే వాసన పీల్చడం నాకదే మొదటిసారి. అయినా అది నాకు కొత్తగా అనిపించలేదు. తీపీ చేదూ కలిసి గొంతులో పట్టుకునే ఆ ఘాటు ఎలా ఉంటుందో పద్నాలుగేళ్ల వయసులో, ఆళ్లగడ్డ ఆడపిల్లల హైస్కూల్లో, తొమ్మిదో తరగతి గదిలో ఒకామె నాకు చెప్పారు. ఆమె కూడా ఎప్పుడూ పీల్చి ఉండరు. అయినా సరిగ్గానే చెప్పారు.

ఆమె పేరు సువార్త. మాకు సోషల్ చెప్పేవారు. చాగలమర్రి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. సన్నగా, పొడవుగా ఉండేవారు. చేతికి గడియారం తప్ప ఇంకే నగా ఉండేది కాదు. గట్టిగా అరిచిన గుర్తు లేదు. మాట పొడిగా ఉండేది. మెచ్చుకున్నా అంతే, తిట్టినా అంతే. తరగతిలోకి వచ్చి ముందు గోడకు మేకు చూసి మ్యాప్ తగిలించేవారు. ఆ తర్వాతే మా ముఖాలు చూసేవారు. మ్యాప్ లేకుండా ఆమె ఒక్క పాఠం కూడా మొదలుపెట్టింది లేదు.

మా పుస్తకంలో దక్షిణ అమెరికా గురించి ఒక పాఠం ఉండేది. అందులో ఒక వాక్యం, ‘ప్రపంచంలో కాఫీ అత్యధికంగా పండించే దేశం బ్రెజిల్.’ పరీక్షలో ఖాళీ పూరించడానికి పనికొచ్చే వాక్యం. మిగతా సెక్షన్ వాళ్లు దాని కింద గీత గీసుకుని అరనిమిషంలో ముందుకు పోయారు. సువార్త టీచర్ ఆ ఒక్క వాక్యం దగ్గర నాలుగు రోజులు ఆగారు.

మొదటి రోజు ఆ వాక్యం బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి అడిగారు. “పండించే దేశం అంటాండారు. దేశానికి చేతులుంటాయా? ఎవురు నాటినారు, ఎవురు కోసినారు?”

అలాంటి ప్రశ్న ఉంటుందని కూడా మాకు తెలియదు. అప్పుడామె చెప్పడం మొదలుపెట్టారు. ఆఫ్రికా నుంచి ఓడల్లో గొలుసులు కట్టి తెచ్చిన బానిసలు. వాళ్ల వీపుల మీద కొండలెక్కిన కాఫీ తోటలు. బానిసత్వం రద్దయిందని చట్టం వచ్చిన మరుసటి ఏడే సైన్యం తిరగబడి ఆ దేశపు రాజును ఓడెక్కించి పంపేసిన సంగతి. బానిసలు పోయాక తోటల యజమానులు ఇటలీ నుంచి పేద కుటుంబాలను రప్పించుకున్నారు. పిల్లాజెల్లా అందరితో వచ్చి చెట్ల కింద బతికిన ఆ కుటుంబాలను ఆమె మాకు ఊరివాళ్లను చూపించినట్టు చూపించారు. మూడో రోజు, ప్రపంచమంతా ధరలు కూలిన కాలం. కాఫీని నమ్ముకున్న పెద్దల ప్రభుత్వం పడిపోయింది. కొత్త ప్రభుత్వం కొనేవాళ్లు లేని కాఫీని గుట్టలు పోసి తగలబెట్టింది. కొంత సముద్రంలో పారబోసింది. రైలింజన్లలో బొగ్గుకు బదులు వేసి చూసింది. ఆ వాసన గురించి చెప్పింది ఆ రోజే. పొయ్యి మీద బెల్లం మాడుతుండగా అందులో వేపాకు వేసినట్టు ఉంటుందన్నారు. ఆ గంట కొట్టాక కూడా మేము లేవలేదు.

నాలుగో రోజు సమ్మె. పండిన కాయను చెట్టు మీద వదిలేస్తే రాలిపోతుంది. ఆ సంగతి కూలీలకు యజమానుల కన్నా బాగా తెలుసు. ఒక పెద్ద కాఫీ ప్రాంతంలో కోత మొదలయ్యే రోజుల్లో వేలమంది కూలీ కుటుంబాలు పనిలోకి దిగకుండా కూర్చున్నాయి. అక్కడిదాకా చెప్పి టీచర్ మా ముఖాల వైపు చూశారు. మేమంతా ఆమెనే చూస్తున్నాం. “గెలిచినారు,” అన్నారు. ఆ మాట అన్నప్పుడు గదిలో లేచిన గోల నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మా బెంచీల్లో సగం ఆ నెలల్లో ఖాళీగా ఉండేవి. ఆ ఆడపిల్లలు పత్తి విత్తనం చేలల్లో క్రాసింగ్ పనికి పోయేవారు. సాయంత్రం పూట ఒక వరస మొక్కల మొగ్గలు గిల్లి పుప్పొడి తీసేయాలి. మరునాడు పొద్దున ఇంకో రకం మొక్క పువ్వులు తెచ్చి వాటికి రుద్దాలి. ఆ పువ్వుకు ఒక్క పూటే గడువు. మధ్యాహ్నం దాటితే ఇక గింజ కట్టదు. మా అమ్మ హుసేనమ్మ ఓబులయ్య అనే రైతు చేలో ఆ పనికి పోయేది. నన్ను మాత్రం పంపలేదు. “ఒక్కదాని చేతులన్నా మందు కంపు కొట్టకుండా ఉండనీ,” అనేది. చేలో పొద్దున పురుగుమందు కొట్టి, ఆ తడి ఆరకముందే ఆడవాళ్లను దించేవారు. అమ్మ సాయంత్రం వచ్చి చేతులు మూడుసార్లు కడుక్కున్నా అన్నంలో ఆ వాసన వచ్చేది.

బ్రెజిల్ పాఠం నేను అమ్మకు రోజూ అప్పజెప్పేదాన్ని. ఆమె రొట్టెలు తడుతూ వినేది. సమ్మె సంగతి చెప్పిన రోజు పెనం మీది రొట్టె తిప్పడం ఆపి ఒక్క మాట అడిగింది.

“వాళ్లు గెలిచినారా?”

“గెలిచినారంట మా.”

అమ్మ రొట్టె తిప్పింది. తర్వాతి వారం, మందు కొట్టిన పొద్దున, అమ్మ పక్క సాలులో పనిచేస్తున్న లక్ష్మక్క కళ్లు తిరిగి పడిపోయింది. ట్రాక్టర్లో వేసుకుని నంద్యాల ఆస్పత్రికి తెచ్చారు. బతికింది గానీ ఎనిమిది రోజులు మంచం దిగలేదు. మళ్లీ మందు కొట్టిన రోజు అమ్మ చేలోకి దిగలేదు. గట్టు మీద కూర్చుంది. ఆమెను చూసి మిగతా పద్నాలుగు మంది కూర్చున్నారు. మందు కొట్టిన రోజూ, దాని మరుసటి రోజూ చేలోకి దిగం అన్నది వాళ్ల మాట. ఓబులయ్య అరిచాడు, బతిమాలాడు. పువ్వులు ముడుచుకుపోయాయి. “బ్రెజిల్లో కాఫీ కాయ ఆగదంట, ఈడ పువ్వు ఆగదు,” అని అమ్మ అనిందట. ఆ మాట యాడ నేర్చినావని ఆయన అడిగితే దాచకుండా చెప్పేసింది.

మరునాడు మా తరగతి జరుగుతుండగానే ఓబులయ్య హెడ్మాస్టర్ని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. భారీ మనిషి, తెల్ల పంచె, మోకాళ్ల దాకా మట్టి.

“ఏంది టీచరమ్మా, పిల్లోళ్లకు ఏం చెప్తాండావు నువ్వు? యాడో దేశం కత చెప్పి ఈడ నా చేను ఎండబెడ్తాండావే!”

హెడ్మాస్టర్ మెల్లగా అన్నాడు. “పుస్తకంలో లేని పాఠం చెప్పలేదని ఒక్క మాట చెప్పండమ్మా. అయిపోతుంది.”

సువార్త టీచర్ చాక్‌పీసు బల్ల మీద పెట్టారు. “చెప్పినా సార్. లేదని ఎట్లంటా?” అని, ఓబులయ్య వైపు తిరిగారు. “అన్నా, నువ్వు వినకుండానే కోపం చేస్తాండావు. వెనక బెంచీ ఖాళీగా ఉంది. కూర్చో. అదే పాఠం మళ్లీ చెప్తా. తప్పుంటే అందరి ముందర చెప్పు, దిద్దుకుంటా.”

అలా పిలుస్తారని ఆయన ఊహించలేదు. కాసేపు గుమ్మంలోనే తటపటాయించాడు. తర్వాత వచ్చి, మోకాళ్లు బెంచీకి తగులుతుండగా ఇరుక్కుని కూర్చున్నాడు. నా పక్క వరసలోనే. టీచర్ మేకుకు మ్యాప్ సరిచేసి నాలుగు రోజుల పాఠాన్నీ ఒక గంటలో మళ్లీ చెప్పారు. ఒక్క మాట తగ్గించలేదు, గొంతు పెంచలేదు. యజమానుల క్రూరత్వం చెప్పేటప్పుడు ఆయన ముఖంలోకే చూస్తూ చెప్పారు. కాఫీ తగలబెట్టిన చోటికి వచ్చేసరికి ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

“అంటే ఆ తోటలోళ్లు కూడా మునిగినారా?”

“మునిగినారు అన్నా.”

“మేం ఉల్లిగడ్డలు వాగులో పోసినట్ల,” అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. పాఠం అయ్యాక లేచి నిలబడి, “అంతా బాగనే ఉంది. పురుగు ఆగదు, పువ్వు ఆగదు. నన్నేం చెయ్యమంటావు నువ్వే చెప్పు,” అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

“సేద్యం నాకు తెల్దన్నా. గట్టు మీద కూర్చున్నోళ్లకు తెలుసు. వాళ్లనడుగు.”

ఆయన అడిగాడు. ఆ సాయంత్రం గట్టు మీదే మాటలు జరిగాయి. చేను రెండు సగాలు చేసి, ఒక్కోసారి ఒక్కో సగానికే, అదీ మధ్యాహ్నం రుద్దడం అయిపోయాక మందు కొట్టాలని, మరుసటి రోజు ఆ సగంలోకి ఎవరూ దిగకూడదని తేల్చుకున్నారు. ఆయనకు కొంత పూత నష్టం. అయినా ఒప్పుకున్నాడు. ఆ వేసవిలో సువార్త టీచర్ని జూపాడు బంగ్లా ఊరి బడికి బదిలీ చేశారు. మామూలు బదిలీయో కాదో మాకెవరూ చెప్పలేదు. వెళ్లే రోజు ఆమె మ్యాప్ చుట్టి నా చేతిలో పెట్టి, “బడిది. బీరువాలో పెట్టు,” అన్నారు. అంతే.

పదకొండేళ్ల తర్వాత, నేను నంద్యాల కాలేజీలో చరిత్ర చెప్పడానికి చేరిన ఏడాది, ఒక ఆదివారం ఆళ్లగడ్డలో మా ఇంటికి ఆమె వచ్చారు. జుట్టు నెరిసింది. జూపాడు బంగ్లా నుంచి మూడు బస్సులు మారి వచ్చారట. మంచినీళ్లు తాగి, అమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టమన్నారు.

“హుసేనమ్మా, నీకొక మాట చెప్పేదుంది. ఆ కాఫీ కూలోళ్లు గెలవలేదు. పోలీసులను పెట్టి అణిచేసినారు. శానా కుటుంబాలను తోటల్లోనుంచి తరిమినారు. మొన్న ఒక పుస్తకంలో చదివినా.”

“పాత పుస్తకంలో తప్పుండెనేమో టీచర్,” అన్నాను నేను.

“లేదు దస్తగిరమ్మా. అందులో సమ్మె జరిగిందని మాత్రమే ఉండె. గెలిచినారు అన్నది నేను కలిపిన మాట. మీ మొగాలు చూసి కలిపినా.”

అమ్మ అంది, “ఓడిపోయినారని చెప్పింటే ఆ పొద్దు నేను చేన్లోకి దిగుతాంటి టీచరమ్మా. నువ్వు మంచిపనే చేసినావు.”

సువార్త టీచర్ తల అడ్డంగా ఊపారు. “మంచి జరిగింది కాబట్టి అట్లంటాండావు. జరక్కపోయుంటే? పదహైదు మంది పని పోయుంటే? నిజం తెలిసి, దిగాల్నా వద్దా అని తేల్చుకోవాల్సింది మీరు. ఆ తేల్చుకునే పని నేను మీ చేతుల్లోంచి లాక్కున్యా. అది చెప్పిపోదామని వచ్చినా.”

అమ్మ లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది. ఓబులయ్య కళ్లలోకి చూస్తూ ఒక్క మాటా తగ్గించకుండా పాఠం చెప్పిన రోజు ఆమె ధైర్యానికి నేను విస్తుపోయాను. ఇంటికొచ్చి అబద్ధం ఒప్పుకున్న ఈ ధైర్యం ముందు అది చాలా చిన్నదిగా కనిపించింది. అడిగేవాళ్లు లేరు. తెలిసేవాళ్లు లేరు. ఆ అబద్ధం వల్ల మేలే జరిగింది. అయినా మూడు బస్సులు మారి వచ్చారు.

ఆమె ఇప్పుడు లేరు. ఇద్దరిలో ఎవరి మాట సరైనదో నేను ఇన్నేళ్లలో తేల్చుకోలేకపోయాను. కొన్నిసార్లు అమ్మదే అనిపిస్తుంది. ఏటా మా పిల్లలకు ఆ దేశపు చరిత్ర చెబుతాను. కోత మొదలయ్యే రోజుల్లో కూలీలు పని ఆపేసిన చోటికి వస్తాను. సగం నిద్రలో ఉన్నవాళ్లు కూడా తలలెత్తుతారు. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, “గెలిచారా మేడమ్?” అని. ఆ ముఖాలు చూస్తుంటే ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా ఎందుకొస్తుందో నాకు బాగా తెలుసు.

“ఓడిపోయారు,” అంటాను.

గది చల్లబడిపోతుంది. వెంటనే ఏదో ఒకటి చెప్పి వాళ్లను ఊరడించాలనిపిస్తుంది. చెప్పను. మరి ఆ కూలీలు పని ఆపి ఎందుకు కూర్చున్నారని వాళ్లంతట వాళ్లు అడిగేదాకా, చాక్‌పీసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడతాను.