మెడ అప్పగించిన రోజులు

పోయిన వారం నెల్లూరులో ఒక ఫిజియోథెరపీ గదిలో పడుకున్నాను. మనవరాలి వయసున్న అమ్మాయి నా మెడ కింద చేతులు పెట్టి, "అమ్మమ్మా, బిగబట్టకుండా వదిలెయ్యండి" అంది. వదిలెయ్యడం అంత తేలిక కాదని ఆ పిల్లకేం తెలుసు? ఈ మెడను నేను ఇదివరకు ఒక్కరి చేతుల్లోనే వదిలాను. అదీ ప్రాణం అరచేతిలో పెట్టుకుని.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నాకు పద్దెనిమిదో ఏడు. తొలి కాన్పుకని అనంతసాగరం దగ్గర మా పుట్టింటికి వచ్చి ఉన్నాను. బిడ్డకు మూడో నెల. వద్దన్న పని చేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న గుణం. నీళ్ళ బిందె నెత్తికెత్తుకుని గడప దాటుతూ జారిపడ్డాను. మా అమ్మ బిందెకు పడిన సొట్ట చూసి తిట్టింది. నాకేం కాలేదనే అందరం అనుకున్నాం. మర్నాడు లేచేసరికి మెడ ఎడమ భుజం వైపు తిరిగిపోయి ఉంది, మళ్ళీ ఇటు రాలేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పాల్సి వచ్చేది. మా అవ్వ మొదట నన్ను చూసి నవ్వింది. ఐదో రోజు నుంచి నవ్వడం మానేసింది. కుడిచెయ్యి మొద్దుబారడం మొదలైంది. ఒకనాడు పాలిస్తూ ఉంటే బిడ్డ ఆ చేతిలోంచి జారింది. ఒడిలోనే పడింది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఎవరూ పక్కన లేకుండా బిడ్డను తీసుకోలేదు.

ఆత్మకూరు ఆస్పత్రి డాక్టరు మందు బిళ్ళలిచ్చి, తగ్గకపోతే మద్రాసు పోవాలి, కొయ్యాల్సి రావచ్చు అన్నాడు. కొయ్యడమనే మాట విన్నాక మా నాయన ఇంకెవరి మాటా వినలేదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే సాయిబు ఒకాయన మెడలూ నడుములూ సరిచేస్తాడని ఎవరో చెప్పారు. నాకు అంతకన్నా ఎక్కువ భయం పట్టుకుంది. మా నాయన భుజం కీలు తప్పినప్పుడు నలుగురు అదిమి పట్టుకుంటే ఒకడు మోకాలు ఆనించి లాగడం చిన్నప్పుడు తలుపు చాటు నుంచి చూశాను. ఆ టక్కుమన్న చప్పుడూ ఆయన కేకా నా చెవుల్లో అట్లాగే ఉన్నాయి. అది భుజం, ఇది మెడ. బస్సులో నాయన బిడ్డను పొదువుకుని కూచున్నాడు. నేను రెండు చేతులతో నా గడ్డాన్ని పట్టుకుని కూచున్నాను.

ఉదయగిరిలో మా పిన్నమ్మ ఇంట్లో దిగాం. బిడ్డను ఆమె చేతికిస్తూ, "నాకేమన్నా అయితే దీన్ని మా అమ్మే పెంచాల. అత్తగారింటికి పంపబాక" అన్నాను.

"నోరు మూసుకోని పో" అంది పిన్నమ్మ. అని అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

సాయిబు ఇంటి వసారా నిండా చెక్కపొట్టు. బక్కపల్చటి మనిషి, తెల్లగడ్డం. ఆ చివర నులకమంచం మీద నడివయసు మనిషి ఒకడు దిండుకు ఆనుకుని గరిటెలు నున్నగా రుద్దుతున్నాడు. కాళ్ళు దుప్పటి కింద ఉన్నాయి. తమ్ముడేమో అనుకున్నాను. సాయిబు నన్ను చాప మీద పడుకోబెట్టి, మెడ తాకకుండా చేతివేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుని, ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలీడం లేదని అడిగాడు. ఆ తర్వాత తల కింద అరచేతులు పెట్టాడంతే. వసారా చివర టక్కుమంది. నేను కెవ్వుమని అరిచి, చచ్చిపోయాననుకుని ముందు కాలివేళ్ళు కదిపి చూసుకున్నాను. మంచం మీది మనిషి చేతిలో గరిటె కాడ విరిగిందట. సాయిబు నవ్వలేదు. "ఈ పొద్దుటికి చాలమ్మా. రేపు రా" అన్నాడు.

మర్నాడు పోయేసరికి ఆయన నమాజుకు పోయి ఉన్నాడు. నాయన వీధిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మంచం మీది మనిషి నన్ను కూచోమన్నాడు.

"అందురూ అనుకునేట్టు నేను ఆయన తమ్ముణ్ణి కాదు. మాది మర్రిపాడు పక్క. నీ మాదిరే మెడ పట్టేసి వచ్చినాను. ఆయన అప్పుట్లో లాగేవాడు. నా మెడా లాగినాడు. ఆ పొద్దే కాళ్ళు పడిపోయినాయి."

రెండు చేతులతో మళ్ళీ నా గడ్డం పట్టుకున్నాను.

"ఎందుకు చెప్తుండావు నాకు?"

"చెప్పమన్నది ఆయనే. ఇది తెలీకుండా ఎవురికీ రెండోసారి చెయ్యి పెట్టడు. ఇష్టముంటే ఉండు, లేకుంటే పో. ఏమనుకోడు."

"మళ్ళా నీ మెడ ఆయన చేతికిస్తావా?"

అతను నన్ను వింతగా చూశాడు. "పద్నాలుగేళ్ళుగా పొద్దున్నే నన్ను లేపి కూచోబెట్టేది ఎవురనుకున్నావు?"

సాయిబు వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. ఆయన ముఖం చూస్తే నాకన్నా ఆయనే ఎక్కువ భయపడుతున్నట్టుంది. "విన్నావా?" అన్నాడు. తలూపలేను కదా, "విన్నాను" అన్నాను. ఎందుకు పడుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఏం జరగవచ్చో దాచకుండా చెప్పింది అంతవరకు వాళ్ళిద్దరే. వెల్లకిలా పడుకున్నాక, "వద్దనిపిస్తే వేలెత్తు. చెయ్యి తీసేస్తా" అన్నాడు. మూడుసార్లు ఎత్తాను. మూడుసార్లూ తీసేశాడు. నాలుగోసారి ఎత్తలేదు. పుర్రె కింద రెండు వేళ్ళు ఆనించి, లాగకుండా, తిప్పకుండా, చాలాసేపు కదలకుండా కూచున్నాడు. లోపల గట్టిగా ముడేసుకున్నదేదో తనంతట తానే కాస్త సడలింది. చప్పుడేమీ కాలేదు.

పదకొండు రోజులు పోయాం. ప్రతిరోజూ చాప మీంచి లేచే ముందు కాలివేళ్ళు కదిపి చూసుకునేదాన్ని. మెడ రోజుకింత చొప్పున తిరుగుతూ వచ్చింది. చెయ్యి బాగుపడడానికి మాత్రం వానాకాలం దాకా పట్టింది.

ఒకసారి పోయి వాళ్ళిద్దరినీ చూసి రావాలని ఏటేటా అనుకునేదాన్ని. కాన్పులు, కోతలు, పెళ్ళిళ్ళు అడ్డం వచ్చాయి. ఎప్పటికో పోతే, ఆ వసారాలో ఎవరో బియ్యం చెరుగుతున్నారు. సాయిబూ అతనూ ఏమయ్యారో ఆ ఇంట్లో వాళ్ళకు తెలియదు. నేను వస్తానని అనుకుంటున్నంత కాలం వాళ్ళు అట్లాగే కూచుని ఉంటారనుకున్నాను; నాకు గడిచిన ఏళ్ళే వాళ్ళకూ గడుస్తున్నాయని ఒక్కసారన్నా తట్టలేదు.